ర్యాంపు కట్టే ముందు లెక్క వేద్దాం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని అయితే గంటసేపు మాట్లాడగలం గాని, ఇలా మైకు ముందు నిలబడి తెలుగులో ఉపన్యాసమంటే కొంచెం జంకే. భాషలో దోషాలుంటే పెద్దమనసుతో మన్నించండి. లెక్కలో దోషముంటే మాత్రం మన్నించవద్దు, అక్కడే ఆపి అడగండి.

ఏటా ఈ సభలో చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదపిల్లల పెళ్లిళ్ల గురించి చెప్పుకుంటాం. అవన్నీ అవసరమే. ఈసారి మేము చెప్పదలచినది మన హాలు మెట్ల పక్కనున్న ర్యాంపు గురించి. "ర్యాంపు గురించి ఉపన్యాసమేమిటి, మాస్టారికి వేరే విషయం దొరకలేదా" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ముందు ఒక సంగతి చెబుతాం, తరువాత మీరే చెప్పండి.

మన నూజివీడు ప్రాంతంలో మామిడి కోతలంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కరలేదు. చిక్కం అందని కాయ కోసం కొమ్మ ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా దగ్గర ఐదో తరగతి దాకా చదివిన కుర్రాడొకడు అలాగే ఎక్కి, కొమ్మ విరిగి పడిపోయాడు. ప్రాణం దక్కింది, అల్లాహ్ దయ. వెన్నుపూస దెబ్బతిని కాళ్లు మాత్రం పోయాయి. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. చేతులు బాగా పనిచేస్తాయి, బుర్ర అంతకంటే బాగా పనిచేస్తుంది.

వాడి చెల్లెలి నికాహ్ మన హాల్లోనే జరిగింది. ర్యాంపు ఉంది కదా అని వాడే తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కబోయాడు. రెండు గజాలు కూడా పోలేదు, కుర్చీ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. వెనక ఉన్నవాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే తల వెనక్కి కొట్టుకునేది. తరువాత నలుగురు కలిసి కుర్చీతో సహా ఎత్తబోయారు. వాడు వద్దన్నాడు. అందరి ముందు బస్తాలాగా ఎత్తించుకోవడం వయసులో ఉన్న పిల్లాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. లోపల చెల్లెలి నికాహ్ చదువుతుంటే, వాడు బయట వంటవాళ్ల పక్కన కూర్చుని మైకులో విన్నాడు.

సాయంత్రం వాళ్లమ్మ మాతో అన్న మాట ఇది: "ఫరవాలేదు మాస్టర్ సాబ్, ఈసారి నుంచి వాణ్ని ఇంట్లోనే ఉంచేస్తాం. మీకందరికీ ఎందుకు తిప్పలు?"

ఆమె కోపంగా అనలేదు. మనకు తిప్పలు తగ్గిద్దామనే అన్నది. అదే మాకు నిద్ర పట్టనివ్వలేదు.

మరునాడు ఉదయం టేపు, స్కేలు పట్టుకుని వెళ్లి ఆ ర్యాంపు కొలిచాం. ఎత్తు 24 అంగుళాలు, అంటే రెండు అడుగులు. నేల మీద పొడవు 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. 96ని 24తో భాగిస్తే 4. ఒక అంగుళం ఎక్కడానికి నాలుగు అంగుళాల దూరం అన్నమాట. దీన్నే 1కి 4 వాలు అంటారు. పిల్లలకు మేము ఉర్దూలో ఊంచాయి, లంబాయి అని చెబుతాం. ఎత్తు ఒకటైతే పొడవు ఎంత అన్నదే ప్రశ్న.

ఉండవలసినది ఎంత? ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు. అంటే 1కి 12. మన దేశంలోనూ, బయటి దేశాలలోనూ భవనాల నిబంధనలు ఎక్కువగా ఒప్పుకున్న లెక్క ఇది. ఎత్తు పెరిగేకొద్దీ 1కి 15, 1కి 20 ఇంకా మంచిది. 1కి 12 అనేది హద్దు. దానికన్నా నిటారుగా కట్టవద్దని అర్థం.

ఈ పన్నెండు ఎక్కడినుంచి వచ్చింది? రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, కాళ్లు పోగొట్టుకున్న సైనికులు అమెరికాలో మళ్లీ చదువులకు వచ్చారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమోతీ నూజెంట్ అనే ఆయన అటువంటి విద్యార్థుల కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన కృషి ఆధారంగా 1961లో అమెరికాలో మొదటి ప్రమాణం వెలువడింది. చక్రాల కుర్చీలో కూర్చునే మనుషుల అనుభవం నుంచి తీసిన లెక్క అది.

పిల్లలకు చెప్పినట్టే ఇంకో విధంగా చెబుతాం. మనిషి, కుర్చీ కలిపి 80 కిలోలనుకోండి. 1కి 12 వాలులో ఆ బరువు వెనక్కి లాగే లాగుడు 80లో పన్నెండో వంతు, అంటే ఏడు కిలోల లోపు. చేతుల్లో సత్తువ ఉన్నవాడు తిప్పుకోగలడు, లేకపోతే వాళ్లమ్మ అయినా వెనక నుంచి తోయగలదు. మన 1కి 4 వాలులో అదే లాగుడు దాదాపు 20 కిలోలు. ఒక గంపెడు కాయల బరువు ఎవరో వెనక్కి గుంజుతుంటే ఎక్కినట్టు. పైగా వాలు నిటారైనకొద్దీ కుర్చీ బరువంతా వెనక చక్రాల వెనక్కి పోతుంది, ముందు చక్రాలు లేస్తాయి. ఆ రోజు జరిగింది అదే. తప్పు కుర్రాడిది కాదు, కుర్చీది కాదు. తప్పు 96ని 24తో భాగించి చూడని మనది.

మనది అంటే ఎవరిది? ఇక్కడ మేము దాచకుండా చెప్పాలి. ఆ ర్యాంపు కట్టినప్పుడు కమిటీలో మేమూ ఉన్నాం. దాత మంచి మనసుతో డబ్బిచ్చారు. మేస్త్రి "ఎంత పొడవు కట్టమంటారు?" అని అడిగాడు. "ఇక్కడిదాకా కట్టు, అవతల మోటారు సైకిళ్లు పెట్టుకోవాలి" అన్నాం. దాత పేరు రాతిపలక మీద ఉర్దూలో ఎలా చెక్కించాలి అని మాత్రం రెండు సాయంత్రాలు చర్చించాం. ఆ అక్షరాలు రాసిచ్చింది మేమే. లెక్కల మాస్టరు పక్కనే నిలబడి ఉన్నా లెక్క వేసినవాడు లేడు! ఆ ర్యాంపు మీద స్కూటర్లు ఎక్కాయి, బిర్యానీ దేగ్చాలు ఎక్కాయి, సౌండు బాక్సులు ఎక్కాయి. ఎవరి కోసం కట్టామో ఆ మనిషి మాత్రం ఎక్కలేకపోయాడు.

కాబట్టి సోదరులారా, ఇప్పుడు లెక్క సరిగ్గా వేద్దాం.

మన హాలు ఎత్తు 24 అంగుళాలు. 1కి 12 చొప్పున 24 అడుగుల ర్యాంపు కావాలి. అంగుళానికి ఒక అడుగు - ఇంతకంటే తేలిక లెక్క లేదు, మూడో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. "వాలు మీద పొడవా, నేల మీద పొడవా?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. నేల మీద పొడవే. 24 అడుగుల దగ్గర ఆ రెండింటికీ తేడా ఒక్క అంగుళం మాత్రమే, కనుక భయపడనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దీన్ని చాలామంది మేస్త్రీలు కూడా గమనించరు. మెట్ల దగ్గర కొలిచిన ఎత్తు వేరు, ర్యాంపు మొదలయ్యే చోటి ఎత్తు వేరు. వాననీళ్లు పోవడానికి మన ఆవరణ నేల గేటు వైపు వాలుగా ఉన్నది. మేము నీళ్ల ట్యూబు పెట్టి చూశాం. మెట్ల దగ్గర నుంచి గేటు వైపు 24 అడుగులు పోయేసరికి నేల 4 అంగుళాలు దిగింది. అంటే అక్కడ ఎత్తు 24 కాదు, 28 అంగుళాలు. దానికి 28 అడుగుల ర్యాంపు కావాలి. 28 అడుగుల దగ్గరికి పోతే నేల ఇంకొంచెం దిగింది! ఇలా తరుముకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది?

పొడవు ప అడుగులు అనుకుందాం. ఆరు అడుగులకు ఒక అంగుళం చొప్పున నేల దిగుతోంది కనుక, ప అడుగుల దగ్గర ఎత్తు 24 అంగుళాలకు ప లో ఆరో వంతు కలిపినంత. అంగుళానికి అడుగు కనుక ప కూడా అంతే కావాలి. అంటే ప లో ఆరింట ఐదు వంతులు 24. ప అంటే 28.8 అడుగులు. 29 అడుగులు కడితే సరి.

ఇప్పుడు ర్యాంపును గేటు వైపు కాకుండా, గోడ వెంబడి వెనక మామిడిచెట్టు వైపు తిప్పామనుకోండి. అటు నేల మెరక. అదే చొప్పున ఆరు అడుగులకు ఒక అంగుళం పెరుగుతున్నది. ఇప్పుడు కలపడం కాదు, తీసివేయాలి. లెక్క కడితే 20 అడుగుల 7 అంగుళాలు వస్తుంది. 21 అడుగులు చాలు! పల్లం వైపు అయితే 29, మెరక వైపు అయితే 21. ఎనిమిది అడుగుల సిమెంటు, ఇసుక, కంకర, కూలి మిగిలినట్టే. కొలవడానికి పట్టింది అరగంట, ఖర్చు ఒక నీళ్ల ట్యూబు. చెట్టు దాకా నేలను మాత్రం గుంటలు లేకుండా గట్టిచేయాలి.

పొడవు ఒక్కటే సరిపోదు, మరికొన్ని సంగతులు ఉన్నాయి. త్వరగా చెప్పేస్తాం.

వెడల్పు నాలుగు అడుగులకు తగ్గకూడదు. పైన, కింద ఐదు అడుగుల చదరం సమమైన నేల ఉండాలి. పైన ఆ జాగా లేకపోతే తలుపు తీసేలోపు కుర్చీ వెనక్కి దొర్లుతుంది. ఒక్క ఊపులో 30 అంగుళాల ఎత్తు మించి ఎక్కించకూడదు. మించితే మధ్యలో అటువంటి సమమైన జాగా ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. మలుపు తిప్పవలసి వస్తే మలుపు దగ్గర కూడా అంతే. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. రెండున్నర అడుగుల ఎత్తున ఒక వరస, మూడు అడుగుల లోపున ఇంకో వరస. కమ్మీ ర్యాంపు చివరల దగ్గర ఒక అడుగు ముందుకు పోవాలి. చక్రం పక్కకు జారకుండా అంచుల్లో రెండు మూడు అంగుళాల గట్టు కట్టాలి. తలుపు మూడు అడుగుల వెడల్పు తెరుచుకోవాలి.

నున్నటి బండలు, మెరిసే టైల్స్ ర్యాంపు మీద వద్దు. చూడటానికి బాగుంటాయి, వానాకాలంలో కాలు జారి నడిచేవాడు కూడా పడతాడు. పచ్చి సిమెంటు మీద చీపురుతో అడ్డంగా గీతలు గీస్తే చాలు, కాణీ ఖర్చు లేదు.

మన దగ్గర ప్రత్యేకంగా ఇంకొకటి ఉన్నది. చెప్పులు! నమాజు వేళ, నికాహ్ వేళ చెప్పులన్నీ ఎక్కడ విడుస్తాం? తలుపు ముందే, గుట్టగా. రేపు ఎంత మంచి ర్యాంపు కట్టినా, పైన చెప్పుల గుట్ట ఉంటే కుర్చీ అక్కడే ఆగిపోతుంది. చెప్పుల అరలు మెట్ల పక్కకు మార్చాలి. దీనికి చందాలు అక్కరలేదు, అలవాటు మారితే చాలు.

"చక్రాలకు రోడ్డు మట్టి అంటుకుని ఉంటుంది, మస్జిదులోకి ఎలా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. సరైన ప్రశ్నే. తలుపు దగ్గర తడిగుడ్డ పెట్టి చక్రాలు తుడవవచ్చు, లేదా లోపల వాడేందుకు వేరే కుర్చీ ఒకటి ఉంచవచ్చు. హజ్ చేసి వచ్చిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. సఫా మర్వాల మధ్య నడిచే చోట చక్రాల కుర్చీల కోసం మధ్యలో వేరే దారే ఉన్నదని వారు మీకు చెబుతారు. అక్కడ వీలైనది ఇక్కడ వీలు కాదా?

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. "ప్రజా భవనం" అంటే ప్రభుత్వానిదే కానక్కరలేదని, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా అని అందులో ఉన్నది. చదువు, వ్యాపారం, వైద్యంతోపాటు మత సంబంధమైన, సాంస్కృతిక కార్యక్రమాలు జరిగే భవనాలను కూడా పేరుపెట్టి చెప్పారు. బడులకైతే 2009 విద్యాహక్కు చట్టంలోనే అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలని రాశారు.

సుప్రీంకోర్టులో రాజీవ్ రతూరి వేసిన కేసు ఒకటి ఉన్నది. ఆ కేసులో పరిస్థితులను పరిశీలించి నివేదిక ఇమ్మని కోర్టు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. ఆ నివేదిక చూసిన తరువాత 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. వీలుంటే పాటించండి అన్నట్టు మార్గదర్శకాలు రాసి ఊరుకుంటే చాలదు, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు వేరుగా ఉండాలని దాని సారాంశం. లెక్కల మాస్టరుగా మాకు ఈ తీర్పు నచ్చింది. లెక్కలో "వీలుంటే పన్నెండు" అని ఉండదు కదండీ!

కాని కోర్టుకు భయపడి కట్టే ర్యాంపు మళ్లీ ఎనిమిది అడుగులే అవుతుంది. చూపించడానికి కట్టేది వేరు, ఎక్కడానికి కట్టేది వేరు. కంటిచూపు లేని సహాబీ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూం రజియల్లాహు అన్హు గారికి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారు ఏమిచ్చారు? జాలిపడి ఒక మూల కూర్చోబెట్టలేదు. మదీనాలో అజాన్ చెప్పే బాధ్యత ఇచ్చారు. లోపలికి రానిస్తేనే కదా మనిషికి బాధ్యత ఇవ్వగలిగేది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వీరంతా చక్రాల కుర్చీలో ఉన్నవారు కాదు, నిజమే. అయితే మంచి ర్యాంపు వారి ఒక్కరికే కాదు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకూ "యా అల్లాహ్" అనే మన పెద్దలకు కావాలి. కడుపుతో ఉన్న ఆడపిల్లలకు కావాలి. జనాజా మోసేవాళ్లకు కావాలి. ఈ రోజు చకచకా ఎక్కుతున్న మనమూ ఆ పెద్దల వయసుకు చేరేవాళ్లమే.

ఇంట్లో కూడా చూసుకోండి. నాలుగు అడుగుల బద్ద, రసమట్టం తీసుకోండి. బద్ద ఒక కొనను ర్యాంపుకు ఆనించి, రెండో కొనను కింది వైపుకు ఉంచి సమంగా పట్టుకోండి. కింది వైపు కొనకు, ర్యాంపుకు మధ్య సందు 4 అంగుళాలు దాటిందా, ఆ ర్యాంపు నిటారు. 4 లోపు ఉంటే మంచిది. పిల్లలకు చెబుతున్నాం: సెలవుల్లో ఊళ్లో కనిపించిన ప్రతి ర్యాంపునూ ఇలా కొలిచి నోటు పుస్తకంలో రాసుకు రండి. బడి, బ్యాంకు, ఆసుపత్రి, ఓట్లు వేసే చోటు, అన్నీ. ఎవరితోనూ గొడవపడవద్దు, కొలిచి రాయండి చాలు.

చివరగా సంఘానికి మా విన్నపం. పాత ర్యాంపు తీసివేసి, మామిడిచెట్టు వైపు 21 అడుగుల ర్యాంపు కట్టాలి. దాత పేరున్న పలక భద్రంగా తీసి కొత్తదానికి అమర్చాలి. ఆయన మనసులో అనుకున్న పుణ్యం అప్పటికి గాని పూర్తి కాదు. ఆయనతో మేము ముందే మాట్లాడాం. "అప్పుడే చెప్పలేకపోయారా మాస్టారూ?" అన్నారు. ఆ మాట పడవలసినదే, పడ్డాం. మోటారు సైకిళ్లు గేటు బయట పెట్టుకోవాలి. ఇది మాత్రం చాలామందికి కష్టంగా ఉంటుంది, మాకూ ఉంటుంది.

మరొకటి. ఈసారి సున్నంతో గీత గీసే రోజున ఆ కుర్రాణ్ని పిలవాలి. ఎక్కడ మలుపు కావాలో, కమ్మీ ఎంత ఎత్తున చేతికి అందుతుందో మన నలుగురికంటే వాడికి బాగా తెలుసు. పిలవడానికి మేము వాళ్లింటికి వెళతాం. తోడుగా ఒకరిద్దరు పెద్దలు కూడా వస్తే బాగుంటుంది. "మీకెందుకు తిప్పలు" అన్న ఆ తల్లికి జవాబు చెప్పవలసింది మేమొక్కళ్లమే కాదు.



ఖుదా హాఫిజ్.